యాదగిరి బాబాయ్ అచ్చువేసిన పట్టీలు

మూత్రం అనే మాట వినగానే ముక్కు మూసుకుంటారు కదూ మీరు? మీ మూత్రపిండాల మొర వినిపించేది మాత్రం అందులోనే.

ఇవాళ చిలకలగూడలో ఒక ప్రెస్సు ముందు తడి సిరా వాసన తగిలి నా కాళ్లు ఆగిపోయాయి. యాదగిరి బాబాయ్ గుర్తొచ్చాడు. తోటివాళ్లంతా కంప్యూటర్ కోర్సులకు పరుగెడుతున్న రోజుల్లో, విజయనగరం నుంచి వచ్చిన నేను లాలాగూడలో ఓ చిన్న ప్రయోగశాలలో చేరాను. కిడ్నీ జబ్బు తొలి జాడను మూత్రంలో పట్టే పట్టీలు తయారుచేయాలని మా ప్రయత్నం. ఒకసారి వాడి పారేసేవి. వాటిమీద కరెంటు పారే కార్బన్ సిరా గీతలు వెయ్యడానికి దొరికినవాడు పెళ్లికార్డుల స్క్రీన్ ప్రింటర్ యాదగిరి. "లగ్గం పత్రికల మీద వినాయకుణ్ణి కొట్టినోణ్ణి, ఇప్పుడు ఉచ్చ పట్టీలు కొడుతున్న. ఏం ప్రమోషనో చూడు బిడ్డా!" అని నవ్వేవాడు.

ఒకరోజు ఆరోగ్యవంతుడి నమూనా కావాలంటే తనే సీసా నింపి ఇచ్చాడు. "నాకేం రోగం? గుండు లెక్క ఉన్న." పట్టీని అందులో ముంచి, అంకె చూపే మీటరుకు తగిలిస్తే ఆల్బుమిన్ ఎక్కువ చూపించింది. ఆ ప్రొటీన్ మూత్రంలోకి కారుతోందంటే మూత్రపిండాల వడపోత దెబ్బతింటున్నట్టు. నేను ఆ అంకె కొట్టేశాను. "సిరా సమంగా పడలేదు బాబాయ్, మళ్లీ వెయ్యండి." వేశాడు. మళ్లీ అదే. మూడోసారీ అదే. విసుక్కున్నాను.

అతను సిరా లాగే రబ్బరు పలక తుడుస్తూ, "జెర ఆగు బిడ్డా. ప్రింటు ఖరాబైతే అందరికీ ఖరాబే చూపాలె గద? నీది సుత పెట్టి చూడు" అన్నాడు. సిగ్గుపడుతూనే పెట్టాను. అదే షీటులోంచి కత్తిరించిన పట్టీ. నాకేమీ లేదని చూపించింది.

"అయితే ప్రింటు మంచిగనే ఉన్నట్టు" అన్నాడు మెల్లగా. ముందు తన పనికి మచ్చ రాలేదన్న ఊరట. ఆ తర్వాతే తన సీసా వైపు చూశాడు.

ఆసుపత్రి పరీక్షలూ అదే చెప్పాయి. ఏళ్లుగా తెలియకుండా ముదిరిన షుగరు. వెంటనే మందులు మొదలయ్యాయి కనుక, డయాలసిస్ గడప తొక్కకుండా చాలా ఏళ్లు మనవరాలిని స్కూటరు మీద బడికి దింపాడు.

తాయెత్తులు కట్టుకునేవాళ్లను వేదికలెక్కి దులిపేసిన నేను ఆ రోజు చేసిందేమిటి? నా నమ్మకానికి సాక్ష్యం అడ్డొస్తే సాక్ష్యాన్నే కొట్టేశాను. హేతువాదం నాకు పుస్తకాల్లో దొరికింది. దాన్ని వాడటం పదో తరగతి తప్పిన ఆ మనిషి నేర్పాడు, తన ఒంటికే ఎదురు సాక్ష్యం చెప్పి. నచ్చని ఫలితం వస్తే ఇప్పటికీ ముందు నన్నే అనుమానించుకుంటాను.

మీ ఇంట్లో షుగరో బీపీయో ఉన్నవాళ్లు బాగానే ఉన్నామంటున్నారా? ఆ మాటతో ఊరుకోకండి. ఈ వారమే చెయ్యి పట్టుకుని ల్యాబుకు తీసుకెళ్లండి. మూత్రంలో ఆల్బుమిన్ చూడమనండి. పక్కన నిలబడి చూడటం కాదు, మీరూ నమూనా ఇవ్వండి.