టెంకాయ నిలబడిన నేల

బేతంచెర్ల చుట్టుపక్కల పల్లెల్లో ప్రకాశం మేస్త్రిని తెలియనివాళ్లు తక్కువ. బండలు పరచడంలో ఆయన చెయ్యి అంత మంచిది. కానీ ఆయనకు పేరొచ్చింది బండల వల్ల కాదు, బోర్ల వల్ల. తండ్రి వదిలిపోయిన మెట్టచేన్లో ఆయన వేయించిన ప్రతి బోరూ దుమ్మే చిమ్మింది. మొదటి బోరప్పుడు ఊరంతా వచ్చి నిలబడింది. చివరి బోరప్పుడు బోరుబండివాడు కూడా మిషను ఆన్ చేసి నీడలో పడుకున్నాడు. ఆ తర్వాత ఆ పల్లెలో ఎవరి బోరు ఎండిపోయినా ‘ప్రకాశం బోరు పడింది’ అనడం మొదలుపెట్టారు. ఆ మాట చెవిన పడితే ఆయనా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, పాపం.

ఆ బోర్లన్నింటికీ చోటు చూపించింది ఎవరనుకున్నారు? ఆయన భార్య జీవమ్మకు తోడబుట్టిన అన్న ఏసన్న. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట టెంకాయ నిటారుగా లేచి నిలబడాలి. చర్చిలో పెద్దమనిషి అయ్యుండి చేతిలో టెంకాయేందని పాస్టరు నిలదీస్తే, ఇది సైన్సు అని జవాబిచ్చాడు. ముందుగా ప్రార్థన చేసుకునే అడుగు వేస్తాడు కాబట్టి పాస్టరు కూడా ఇంకేం అనలేకపోయాడు. టెంకాయ మాత్రం ప్రకాశం చేన్లో ఎక్కడపడితే అక్కడ లేచి నిలబడేది. నీళ్లే లేచేవి కావు.

జీవమ్మకు ఇవేవీ నవ్వులాట కాదు. కాపురానికి వచ్చిన మర్నాటి నుంచీ ఆమె చంకలో బిందె ఉంది. కొన్నాళ్లు చేతిపంపు దగ్గర, కొన్నాళ్లు పక్కూరి బావి దగ్గర, ఆ తర్వాత ట్యాంకరు వెనకాల. ఆదివారం ఆరాధన మధ్యలో ట్యాంకరు హారను మోగితే ఆడవాళ్ల వైపు చాపలన్నీ ఖాళీ. ఒక వేసవిలో నడుం పట్టేసి మంచాన పడినప్పుడు ఆమె మొగుడిని పిలిచి ఒకే ఒక్క కోరిక కోరింది.

“నాకు బంగారమొద్దు, మేడలొద్దు. నీళ్లు మోసే పని లేని ఇంట్లో ఒక్క ఏడాదన్నా బతకనీయయ్యా.”

పెళ్లైనప్పటి నుంచి ఆమె నోరు తెరిచి ఏమీ అడగలేదు. అడిగింది ఇదొక్కటి. అది కూడా ఇయ్యలేనివాడినా అని ప్రకాశం కుమిలిపోయాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఉన్న ఒక్క కూతురు స్తుతికి పెళ్లయి కల్లూరులో కాపురం. ఇక ఈ నేలలో నీళ్లు పడవని, నీళ్లున్న నేలకే తాను పోవాలని ఆయన మనసులో గట్టిగా పడిపోయింది.

అదృష్టమో, ఇంకోటో, అదే ఏడాది బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఓనరు కబురు చేశాడు. ఉగాండాలో తనకు తెలిసిన ఒక గుజరాతీ సేటుకు బండల వ్యాపారం ఉందట, పని తెలిసిన మేస్త్రి కావాలట. ఉగాండా ఎక్కడుందో ప్రకాశానికి తెలియదు. ఆయన అడిగింది కూడా అది కాదు.

“ఆడ వానలు పడతాయా అప్పా?”

“పడడం ఏంది, నిలవవంట.”

ప్రకాశం ఆ వారమే పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు.

విమానం దిగేటప్పుడు కిటికీలోంచి ఆయనకు కనిపించిన మొదటి వస్తువు నీళ్లు. సముద్రమనుకున్నాడు. కాదు, చెరువన్నారు. అవతలి గట్టు కనపడని చెరువుంటుందా అని పక్కసీటాయనతో వాదం పెట్టుకున్నాడు. ఆ దేశపు రాజధాని కంపాలా చేరేలోగా వాన, చేరాక వాన, మర్నాడు ఎండ కాసి మళ్లీ వాన. ఊరివాళ్లు సింహాల ఫోటోలు పంపమని అడిగితే వాన ఫోటోలు పంపేవాడు. ఇక్కడ రోడ్డు పక్క కాలవలో పారిపోయే నీళ్లతో మన మండలమంతా వరి పండించొచ్చునని కింద రాసేవాడు. 

రెండేళ్లు పని చేశాక ఒక ఇంటి జాగా కొనాలనుకున్నాడు. ఆ దేశంలో బయటివాళ్లకు నేల సొంతంగా రాసివ్వరు, ఏండ్లకు ఏండ్లు గుత్తకు ఇస్తారు. మనవాడు గుత్త సంగతి ఊర్లో చెప్పలేదు, కొంటున్నానని చెప్పాడు. తాను బతికినంత కాలం తనదేనైనప్పుడు కొన్నట్టే కదా అని సమాధానపడ్డాడు. జాగాలు చూపించడానికి దొరికినవాడి పేరు మోజెస్. చర్చిలో పరిచయం. బైబిల్లో బండను కొట్టి నీళ్లు రప్పించిన మోషే పేరు పెట్టుకున్నవాడు నీళ్ల దగ్గర మోసం చేయడని ప్రకాశం నమ్మకం. ఆ నమ్మకం వమ్ము కాలేదు, ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నా. మోజెస్ నిఖార్సైన మనిషి. మోసం జరిగింది వేరే చోట.

మోజెస్ ముందుగా గుట్ట మీది జాగాలు చూపించాడు. ఎర్రమట్టి, గట్టినేల, గాలి, దూరంగా చెరువు కనపడడం. ప్రకాశం కాలితో మట్టి తన్ని చూశాడు. పొడిగా లేచింది. ఫిబ్రవరి నెల, అక్కడ వానలు తెరిపిచ్చే కాలం. ఆ దుమ్ము చూడగానే ఆయనకు తన చేను కళ్ల ముందు మెదిలింది.

“ఇది మా ఊర్లో ఉండాది. ఇంకోటి చూపియ్యి,” అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో.

ఇంకో గుట్ట చూపించాడు. అదీ వద్దన్నాడు. దిగి వస్తుంటే పల్లంలో ఒక చోట మనిషెత్తు జమ్ముగడ్డి పచ్చగా ఊగుతూ కనిపించింది. అడుగు వేస్తే చెప్పు కింద నీళ్లు ఊరాయి. ప్రకాశం అక్కడే నిలబడిపోయాడు.

“దీని సంగతేంది?”

మోజెస్ అయోమయంగా చూశాడు. “బ్రదర్, అక్కడ నీళ్లుంటాయి.”

“అదే కదా కావాల్సింది.”

“చాలా నీళ్లుంటాయి, బ్రదర్.”

ఎంత మంచివాడైనా అసలైన జాగా వాళ్లవాళ్ల కోసం దాచిపెట్టుకున్నాడని ప్రకాశం గట్టిగా అనుమానించాడు. పైగా ధర వింటే గుట్టల మీది ధరలో పావు వంతు కూడా లేదు. నీళ్ల విలువ తెలియని జనం, పాపం, అని వాళ్ల మీద జాలిపడ్డాడు. అయినా బోర్లతో దెబ్బతిన్న మనిషి, ఒకసారి సరిచూసుకోవాలనుకున్నాడు. మర్నాడు బజారుకు పోయి ఎక్కడో సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన టెంకాయ ఒకటి ఏరి కొని, వీడియో కాల్‌లో ఏసన్నను పెట్టుకుని, జమ్ముగడ్డి పక్కన నిలబడ్డాడు.

“చెయ్యి వదులుగా పెట్టప్పా ప్రకాశం. ప్రార్థన చేసుకున్నావా?”

“చేసుకున్నా బావా.”

“ఇంక నిదానంగా అడుగెయ్యి.”

అడుగు వేయకముందే టెంకాయ లేచి నిలబడింది. రెండు గజాలు పోయినా నిలబడే ఉంది. వెనక్కి తిరిగినా అంతే. జాగా నాలుగు మూలలా తిరిగాడు, అది మళ్లీ పడుకోలేదు. అక్కడ బేతంచెర్ల పక్క పల్లెలో, చెల్లెలి ఇంట్లో కూర్చున్న ఏసన్న కూడా లేచి నిలబడ్డాడు. తన విద్య తప్పు కాదని, తప్పంతా మన నేలదేనని ఆ క్షణాన ఆయనకు రుజువైంది. వెనకాల జీవమ్మ నిలబడి ఫోన్లోకి తొంగిచూస్తోంది. ఆమె ముఖం ఎందుకో ఒకసారి ఇంటి ముంగిలి వైపు తిరిగింది. సంతోషంతో కళ్లు తుడుచుకుంటోందేమోనని ప్రకాశం అనుకున్నాడు.

జాగా అయింది. ఇల్లు లేచింది. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాలుగా రేకులు కప్పుకున్నవైతే, మన మేస్త్రి మాత్రం చదునుగా మిద్దె వేయించాడు. నీళ్లు ఎటు పోతాయని కూలీలు అడిగారు.

“నీళ్లు ఎందుకు పోవాల?” అన్నాడు ప్రకాశం.

లోపల తన చేత్తోనే బండలు పరిచాడు. సందులో గోరు దూరనంత నున్నటి పని. పెరట్లో బావి తవ్విస్తే మోచేతి లోతులోనే నీళ్లొచ్చాయి. ఆ రోజు ఆయన ఆ గుంత పక్కన కూర్చుని ఏడ్చాడు. జీవితంలో మొదటిసారి ప్రకాశానికి నీళ్లు పడ్డాయి. నవ్వొస్తే నవ్వండి గానీ, ఎండిన బోరు పక్కన నిలబడినవాళ్లు మాత్రం నవ్వరు.

జీవమ్మకు టికెట్టు పంపాడు. ఆమె ఆ దేశం పోయేవాళ్లకు వేసే జ్వరం సూది వేయించుకుని, హైదరాబాదులో విమానం ఎక్కి, సంచి నిండా ఉగ్గాని చేసుకోవడానికి బొరుగులు, శనక్కాయల పొడి మోసుకుని అక్టోబరులో దిగింది. అక్టోబరు అక్కడ వానలు మొదలైన నెల. మొగుడు ఇల్లు చూపిస్తుంటే ప్రతి గదికీ తలూపింది. బావి చూపించినప్పుడు వంగి చెయ్యి ముంచి, “అందుతాండాయే,” అంది. ప్రకాశం పొంగిపోయాడు.

మూడో రోజు మధ్యాహ్నం పట్టిన వాన సాయంత్రం దాకా కురిసింది. పైనుంచి మిద్దె కారడం మొదలెట్టింది. అది ఆయన ఊహించలేదు. కిందనుంచి, గోరు దూరని ఆ సందుల్లోంచే, నీళ్లు చల్లగా ఊరుతూ పైకి రావడం అసలే ఊహించలేదు. గుట్టల మీద పడిన వానంతా దిగి ఈ పల్లంలోకే వస్తుందని ఆ ఊరిలో పిల్లాపెద్దలందరికీ తెలుసు. తెలియనిది టెంకాయతో వచ్చినవాడికే. చీకటి పడేసరికి మంచం కోళ్లు మునిగాయి. బియ్యం మూట అటక ఎక్కింది. జీవమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మంచం మీద కూర్చుని, తెచ్చుకున్న బొరుగులు నోట్లో వేసుకుంది.

“మెత్తబడిపోయినాయి. ఈ గాలికి బొరుగులు కూడా నిలవవు కదయ్యా,” అంది.

 తిట్టినా బాగుండునని ప్రకాశానికి అనిపించింది.

తెల్లారి చూస్తే బావీ వాకిలీ ఒక్కటే మడుగు. గోధుమరంగు నీళ్లు, పైనుంచి కొట్టుకొచ్చిన చెత్త, వాసన. ఆ నీళ్లతో కడిగితే బియ్యం రంగు మారాయి. ఇల్లంతా నీళ్లే, తాగడానికి గుక్కెడు లేదు. పక్కింటి నకాటో అనే ఆమె ఈ గోల చూసి, ఒక పసుపు ప్లాస్టిక్ క్యాను తెచ్చి జీవమ్మ చేతిలో పెట్టి, గుట్ట వైపు చెయ్యి చూపించింది. మంచినీళ్ల ఊట ఉన్నది పైన. ప్రకాశం జాగాలు చూసి వద్దన్న ఆ గుట్ట నడుమే. ఆడవాళ్లందరూ అక్కడికే ఎక్కిపోయి మోసుకొస్తారు.

ప్రకాశం అడ్డం వచ్చాడు. తాను తెస్తానన్నాడు.

“నువ్వు పనికి పో. నాకు అలవాటే కదా,” అంది జీవమ్మ. మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఆయనకు ఇంకా బాధేసింది.

వారం తిరగకముందే ఆ ఊట దగ్గర జీవమ్మకు స్నేహాలు కలిశాయి. భాష రాకున్నా నీళ్ల వరుసలో మర్యాదలన్నీ ఒకటేనట. మన ఊర్లో లాగే బిందెకు బదులు రాయి పెట్టి వరుస పట్టొచ్చునని ఆమే వాళ్లకు నేర్పింది. సాయంత్రం పని నుంచి వస్తూ ప్రకాశం దారిలో ఆమెను చూసేవాడు. పసుపు క్యాను చంకన పెట్టుకుని, జారే ఎర్రబురదలో కాలి వేళ్లు ఆనించుకుంటూ, నడుం ఒకవైపుకు వంచి దిగి వస్తుండేది. అదే చంక, అదే వంపు. సముద్రం దాటించి, ఇల్లు కట్టించి, తాను ఆమెకు చేసిపెట్టింది ఇదే. 

ఆ ఆదివారం తెల్లవారుతుండగా ఏసన్న వీడియో కాల్ చేశాడు. చెల్లెలి ఇంటి కోళ్లకు గింజలు వేయడానికి వచ్చానని, అక్కడినుంచే చేస్తున్నానని చెప్పాడు.

“నీళ్లు చూపించప్పా, కళ్లారా చూస్తా. ఎట్ల పారతాండాయి?”

“ఇంట్లోనే పారతాండాయి బావా,” అన్నాడు ప్రకాశం నీరసంగా.

అప్పుడే ఏసన్న వెనకాల ఏదో మెరిసింది. ముంగిట్లో తులసికోట అంత సిమెంటు దిమ్మె, దానికి ఇత్తడి కొళాయి, కింద నిండి పొర్లుతున్న బకెట్టు. ప్రకాశం ఫోను ముఖం దగ్గరికి లాక్కున్నాడు.

“అదేంది బావా నీ వెనక?”

“కొళాయి. మీదే. ఇంటింటికీ పైపులు వేసినారు కదప్పా, సంవత్సరం దాటింది. జీవమ్మ చెప్పల్యా?”

ఫోను ఎప్పుడు పెట్టేశాడో ప్రకాశానికి గుర్తు లేదు. జీవమ్మ వాకిట్లో ఇటుకల మీద నిలబడి క్యాను కడుగుతోంది. సంవత్సరం దాటింది. అంటే తాను టెంకాయ పట్టుకుని జమ్ముగడ్డిలో తిరుగుతున్ననాటికే ఆ కొళాయి ఆ ముంగిట్లో ఉంది. ఆ రోజు ఫోన్లో ఆమె ముఖం తిప్పి చూసింది దాని వైపే.

“ఎందుకు చెప్పల్యా?” అన్నాడు.

ఆమె క్యాను దించింది. కాసేపు చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఎట్ల చెప్పేది? పెండ్లైన నుంచి నాకోసమని నువ్వు ఒక పని చేయబట్టింది అప్పుడే. వద్దంటే మళ్లా జన్మలో చేస్తావో, చేయవో అని నోరు మూసుకుంటి.”

ప్రకాశం లోపలికి పోయి ఇంకో ఖాళీ క్యాను తెచ్చాడు. ఆమె చేతిలోది కూడా లాక్కున్నాడు. ఇద్దరూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టారు. సగం దారిలో ఆయన ఆయాసానికి ఆగి, ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

“మన కొళాయి ఎంతసేపు వస్తాది?”

“పొద్దున ఒక గంట,” అంది జీవమ్మ. “మనిద్దరికీ చాల్తాది.”