కోరుట్ల టవర్‌ను నిటారుగా నిలిపిన యూసుఫ్ భాయ్

మొన్న నేను వెళ్లేసరికి కోరుట్ల శివారు గుట్ట మీద పాత రేడియో టవర్‌ను కోసి విప్పుతున్నారు. బస్సు దిగగానే కాలిన ఇనుము వాసన తగిలింది. రేపటికి అక్కడ ఆనవాలు మిగలదు. దాన్ని నిటారుగా నిలిపిన యూసుఫ్ భాయ్ పేరు ఏ కాగితంలోనూ లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను సిరిసిల్లలో మరమగ్గం నడిపేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయంలో దొరికిన ప్రతి పుస్తకం చదివేవాణ్ణి. కోణాలు కొలిచే థియోడొలైట్ యంత్రం సంగతి అక్కడే తెలుసుకున్నాను. మగ్గాలు బందైనప్పుడు, ఆ చదువు చూసే జగిత్యాలకు చెందిన టవర్ మేస్త్రీ యూసుఫ్ భాయ్ నన్ను పనిలో పెట్టుకున్నాడు. ఆయనది ఒకటే నియమం: టవర్ నిటారుగా ఉందన్నవాడే ముందు పైదాకా ఎక్కాలి.

కోరుట్ల టవర్‌కు నాలుగు దిక్కులా ఉక్కు తాళ్లు కట్టిన రోజు మధ్యాహ్నం మూడింటికి యంత్రంలోంచి చూశాను. టవర్ కొస తూర్పుకు జానెడు ఒరిగింది. చదివింది కళ్లముందే కనిపించేసరికి ఒళ్లు పులకరించింది.

"భాయ్, పడమటి తాడు గుంజాలె," అన్నాను. చీకటి పడకముందే ఇళ్లు చేరాలన్న తొందరలో పనివాళ్లు తాడు బిగించే పానాలు అందుకున్నారు.

"ఆగుండ్రి," అని యూసుఫ్ భాయ్ నా వైపు తిరిగాడు. "నర్సిములూ, ఎండ ఏ దిక్కున కొడుతున్నది?"

"పడమర," అన్నాను.

"ఇనుము ఎండకు సాగుతదని నీ కితాబుల లేదా? పడమటి పక్క సాగింది, కొస తూర్పుకు ఒంగింది. రేపు పొద్దు పొడవక ముందు చూద్దాం."

పుస్తకంలో ఉంది. చదివాను కూడా. టవర్ దగ్గర మాత్రం గుర్తు రాలేదు.

ఆ నక్సలైట్ల రోజుల్లో అంత పొద్దున గుట్ట ఎక్కడం చిన్న మాట కాదు. అడవిలోని అన్నలైనా అడుగుతారు, పోలీసులైనా ఆపుతారు. మసక వెలుతురులో యంత్రం నిలబెట్టామో లేదో, గస్తీ పోలీసులు వచ్చారు.

"గీ మూడు కాళ్లదేందిరా?" అని జవాను తుపాకి ఎత్తాడు.

"గిది కాల్చది సార్, చూస్తది. మీరే చూడుండ్రి," అన్నాడు యూసుఫ్ భాయ్.

జవాను ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "బోల్టులు సుత కనవడుతున్నయ్," అంటూ తుపాకి దించాడు.

తర్వాత నేను చూశాను. కొస సరిగ్గా యంత్రంలోని నిలువు గీత మీద ఉంది. నిన్న తాడు గుంజి ఉంటే మేమే వంచేవాళ్లం.

"సీదా ఉన్నది, భాయ్."

"మల్లొక పక్కకెళ్లి సూడు. ఎక్కేది నువ్వే."

యంత్రాన్ని పక్కకు మార్చి చూశాను. అదే మాట చెప్పి ఎక్కాను. కొస చేరేసరికి తొలి ఎండ ముఖాన తగిలింది. కింద కోరుట్ల ఇంకా నీడలోనే ఉంది. అరవాలనిపించేంత సంతోషం.

ఇవాళ్టికీ ఏదైనా నిజమని చెప్పేముందు, ఆ మాటను నమ్మి అంత ఎత్తు ఎక్కగలనా అని నన్ను నేను అడుగుతాను.

యూసుఫ్ భాయ్‌కి, తాళ్లు పట్టిన రాజయ్య, మల్లేశం, అజీజ్‌లకు, థియోడొలైట్ పుస్తకం వెతికిచ్చిన గ్రంథపాలకుడు గంగాధర్ సారుకు, ఈ రాత దిద్దిన నా బిడ్డ లావణ్యకు కృతజ్ఞతలు. జవాను పేరు అడిగే ధైర్యం అప్పుడు లేకపోయింది. ఆయనకూ కృతజ్ఞతలు.