మా బావని నేను చంపిన ఆదివారం

నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. కానీ ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక మనిషి చస్తాడు, వాకిట్లో షామియానా లేస్తుంది, సమాధుల తోటలో గొయ్యి కూడా తవ్వుతారు. అన్నిటికీ కారణం నేనే. కత్తి పట్టలేదు, విషం పెట్టలేదు, ఒక్క ఫోను చేశానంతే. రాయడం నాకు కొత్త. ఎక్కడైనా తడబడితే సర్దుకోండి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గుంటూరు పక్కనుంచి రాయపూర్ వచ్చి నాలుగు నెలలైంది. సిల్తారాలో ఇనుము ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తూ, రైల్వే క్వార్టర్‌లో అక్కా బావల దగ్గర ఉండేవాణ్ణి. హిందీ మాటలు నలభై దాకా వచ్చు. వాటిలో ఇరవై తిట్లు.

మా బావ దేవదానం రైల్వేలో ఫిట్టరు. ఆ ఏడు ఆయనకి గుండెపోటు వచ్చింది. స్టెంటు వేశారు. ఆస్పత్రి మంచం మీద పడుకుని చేసేదేమీ లేక టీవీ చూశారు. అందులో స్పెయిన్ దేశంలో సైకిళ్ల పందెం వస్తోంది. ఆ టీవీ అక్కడ లేకపోతే ఈ కథే లేదు.

"చూడరా బామ్మర్దీ, ఎట్టా పోతన్నారో! ఊరూరూ తిరిగి మళ్లీ బయల్దేరిన చోటికే వస్తారంట. కొండకో చర్చి ఉంది చూడు."

"మనకి కొండల్లేవుగా బావా."

"లేకపోతే మరీ మంచిది. గుండెకి హాయి."

ఇంటికొచ్చాక రెండు నెలలు ఇదే పాట. డాక్టరు కొంచెం కొంచెంగా సైకిలు తొక్కమన్నాడు. ఆయన చెప్పిన కొంచెం వేరు, మా బావ విన్న కొంచెం వేరు.

"నిన్ను బజారు దాకా తొక్కమన్నాడయ్యా, మహానది దాకా కాదు!" అంది మా అక్క సారా.

"ఒక్క ఆదివారం, సారా. నయా రాయపూర్ మీదుగా అభన్‌పూర్, నవాపారా పోయి, ఆరంగ్ మీద నుంచి తిరిగొస్తా. గోల్ చక్కర్, అంతే."

"ఆదివారం ఆరాధన మానేసి చక్కర్ కొడతావా? దేవుడు చూస్తన్నాడు."

"చూడనీ. రోడ్డు మీదైతే ఇంకా బాగా కనిపిస్తా."

చివరికి అక్క ఓడిపోయింది. ఆ పొద్దున నా చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టింది.

"ఒరే, ఇది నాలిక కింద పెట్టే మాత్ర. నొప్పొస్తే అర నిమిషంలో పెట్టాల. ఆయనకిస్తే చొక్కాతో పాటు ఉతికించేస్తాడు. నీ దగ్గరుంచు. ఆయన్ని కనుచూపు వదలబాక. సమజ్ అయ్యిందా?"

"అయ్యింది అక్కా."

అయ్యిందని నిజంగానే అనుకున్నాను.

బావ తన సైకిలు మీద, ఎర్ర టోపీ పెట్టుకుని ముందు. నేను మేనకోడలి సైకిలు మీద వెనక. దానికి ముందు బుట్ట, హ్యాండిలుకి రంగు కుచ్చులు. బుట్టలో నీళ్ల సీసా, అరటిపళ్లు, బావ ఫోను, ఆ మాత్రల డబ్బా. నయా రాయపూర్ రోడ్లు అప్పుడే కొత్తగా వేశారు. పెళ్లికి పందిరి వేసి జనం రాకపోతే ఎలా ఉంటుంది, అలా ఉన్నాయి. బావ కీర్తనలు ఈల వేస్తూ తొక్కారు. నాకేమో ఇరవై రెండేళ్లకే ముసలితనం వచ్చేసింది.

నవాపారా దాటాక నా చైను ఊడింది. "బావా, ఆగండి!" అని అరిచాను. వినపడలేదు. చైను ఎక్కించి, మసి చేతులు ప్యాంటుకి తుడుచుకుని తలెత్తేసరికి ఎర్ర టోపీ లేదు. ముందు రోడ్డు రెండుగా చీలింది. మేకలు కాసుకునే ముసలాయన్ని అడిగాను.

"కాకా, లాల్ టోపీ, సైకిల్?"

"డేరీ కోతీ జాబే," అన్నాడాయన.

ఛత్తీస్‌గఢీలో దానర్థం ఎడమ వైపు వెళ్లమని. అది తర్వాత తెలిసింది. ఆ పూట నేను విన్నది పాల డెయిరీ, కోతి. ఆహా, డెయిరీ దగ్గర కోతి ఉంటుంది కాబోలు, అక్కడికి పొమ్మంటున్నాడు అనుకుని, కుడి వైపు పోయి డెయిరీ కోసం వెతికాను. గంట పోయింది. డెయిరీ లేదు. కోతులు మాత్రం నాలుగు కనిపించాయి. ఒకటి అరటిపళ్లు పట్టుకుపోయింది.

వెనక్కొచ్చి ఎడమ రోడ్డు పట్టాను. మాత్ర నా బుట్టలో ఉంది. మనిషి ఎక్కడో ఉన్నాడు. ఎండ మండిపోతోంది. ప్రతి చెట్టు కిందా ఎర్రగా ఏదైనా పడుందేమో అని చూస్తూ తొక్కాను. ఒక చోట ఎర్ర గుడ్డ చూసి సైకిలు మీంచి దూకేశాను. ఎవరిదో ఆరేసిన లంగా.

తర్వాతి ఊళ్లో టీ కొట్టు ముందు తెల్ల చొక్కా పెద్దాయన కూర్చుని ఉన్నారు. అందరూ మాస్టర్‌జీ అంటున్నారు. బావ గురించి అడిగితే, నా మాట తీరు చూసి, నాకు అర్థం కావాలని నిదానంగా, మంచి హిందీలో చెప్పారు.

"లాల్ టోపీ వాలే? వో తో గుజర్ గయే. ఆధా ఘంటా హో గయా."

నాకు రాని మాటల వల్ల గంటే పోయింది. మనిషి పోయింది నాకు వచ్చిన మాట వల్ల. నెల ముందు మా పక్క క్వార్టర్‌లో ముసలమ్మ చనిపోయినప్పుడు వచ్చినవాళ్లంతా ఈ మాటే అన్నారు. చనిపోయారని మర్యాదగా అనడం అని అక్కే చెప్పింది. ఇటుగా దాటి వెళ్లారని కూడా అర్థం ఉందని చెప్పలేదు. మా బావ అరగంట కింద చనిపోయారు. మాత్ర నా దగ్గరుంది.

కూలబడి ఏడ్చాను. మాస్టర్‌జీ నీళ్లిచ్చారు.

"కౌన్ లే గయా?" అని అడిగాను, ఎవరు తీసుకెళ్లారు అని.

"అరే, ఖుద్ గయే. ఆరంగ్ తరఫ్."

తనంతట తనే వెళ్లాడని ఆయన అన్నారు. నేను విన్నది ఖుదా. దేవుడి దగ్గరికి వెళ్లారంటున్నారు, ఎంత భక్తి గల మనిషో అనుకున్నాను. ఆయన నా భుజం తట్టారు.

"పీఛే రహ్ గయే తో క్యా హువా? జల్దీ జాఓ, మిల్ జాయేంగే."

వెనకబడితే ఏమైంది, త్వరగా పో, కలుస్తారు. చావు ఇంట్లో ఇంతకన్నా మంచి ఓదార్పు నేనెక్కడా వినలేదు.

అక్కకి ఫోను చేసే ధైర్యం లేక సంఘ పెద్ద పౌలయ్య గారికి చేశాను. ఆరాధన అప్పుడే అయిపోతోంది.

"పౌలయ్య గారూ, బావ పోయారు."

"ఏడకి పోయాడు? ఇయ్యాల గుళ్లో కనపళ్లేదేందా అనుకుంటన్నా."

"ప్రభువు దగ్గరికండీ."

"ఎట్టా?"

"సైకిలు మీద."

"అయ్యో నా తండ్రీ! బాడీ ఏడుంది?"

"ఆరంగ్ వైపు వెళ్లిందంట."

ఆయన మైకు ముందుకెళ్లి ఏడుస్తూ చెప్పేశారట. ఆడవాళ్ల వరసలో మూడో చాప మీద మా అక్క ఉంది.

నేను ఆరంగ్ పోయి, ఆస్పత్రిలో ఎర్ర టోపీ బాడీ కోసం అడిగి, లేదనిపించుకుని, మాత్రల డబ్బా జేబులో వేసుకుని, సైకిలుతో సహా ఇసక లారీ ఎక్కి ఇంటికొచ్చేసరికి షామియానా వేశారు. కుర్చీలు వేశారు. కుర్రాళ్లు గొయ్యి తవ్వడానికి వెళ్లారు. అక్క నేల మీద పడి ఉంది, గొంతు పోయింది. నన్ను చూసి పాక్కుంటూ వచ్చింది.

"మాత్ర పెట్టావా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు.

అప్పుడు వీధి చివర ఈల వినపడింది.

బావ దారిలో రెండు చోట్ల ఆగి, నాకోసం చూసి, సమోసాలు తిని, నేను భయపడి వెనక్కి పోయానని తేల్చుకుని తీరిగ్గా వస్తున్నారు. షామియానా చూశారు. ఈల ఆగింది. నేల మీద పడున్న అక్కని చూశారు. ఆమే పోయిందనుకున్నారు. సైకిలు వదిలేసి, "సారా!" అని పరిగెత్తారు. నాలుగడుగులు వేసి ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. మొహం బూడిద రంగైంది.

ఆడవాళ్లు దయ్యమని అరిచారు. నేను కొయ్యలా నిలబడ్డాను. అక్కే లేచి, నా జేబు చించి డబ్బా లాక్కుని, ఆయన నోట్లో మాత్ర పెట్టింది. బాడీ తేవడానికి మాట్లాడిన వ్యాను ఉంది కదా, అందులోనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఎవరో అలవాటుగా దాని మీద పూలదండ వేశారు.

సాయంత్రం డాక్టరు వచ్చి గుండె బాగానే ఉందన్నాడు. బావ నన్ను దగ్గరికి పిలిచారు. తంతారనుకున్నాను.

"బామ్మర్దీ, ఎంతమంది వచ్చారు?"

"రెండొందలు దాటారు బావా."

"మా ఫోర్‌మన్ వచ్చాడా?"

"రాలేదు."

"నేను పోయినా రాలేదు, చూశావా?" అన్నారు. రిటైరయ్యేదాకా ఆ ఫోర్‌మన్‌తో మాట్లాడలేదు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఈ కథ చెప్పి మా ఇంట్లో నవ్వని పండగ లేదు. బావే అందరికన్నా బాగా చెప్పేవారు. రాయపూర్‌లోనే మోవాలో సొంత ఇల్లు కట్టుకున్నాక ఆయనకి మళ్లీ నొప్పొచ్చింది, ఆస్పత్రిలో చేర్చాం. నాలుగో రోజు పొద్దున అక్క జావ తేవడానికి ఇంటికెళ్లింది. బావ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి, చెప్పకుండానే వెళ్లిపోయారు.

ఫోను చేశాను. "అక్కా, బావ పోయారు."

అక్క నవ్వింది. "మళ్లీ చంపావా ఆయన్ని? జావ అయిపోయింది, బయల్దేరుతన్నా. లేపి మొహం కడుగు."

"అక్కా, నిజంగా."

ఇంకా గట్టిగా నవ్వింది. మూడోసారి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఫోను నర్సు చేతికిచ్చాను.

అందుకని ఇది చదివే మీ అందరి ఎదుటా, ప్రభువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ మనిషి చావు కబురూ నా నోటితో చెప్పను. ఆఖరికి నేను పోయినా సరే, ఆ కబురు వేరే ఎవరైనా చెప్పుకోవాల్సిందే.