టైమ్ కేర్‌లో మిగిలిన రెండక్షరాలు

అక్షరాల మావయ్య పోయాక కూడా ఆ వీధిలో ఆయన బోర్డులు అలాగే ఉన్నాయి. మందుల షాపు, కళ్లజోళ్ల షాపు, పుస్తకాల షాపు... ఏ పేరు చూసినా అది అంతకుముందు ఇంకేదో పేరు. ఆయన పనే అది. ఒక షాపు మూతపడితే గోడమీది ఇత్తడి ఇంగ్లీషు అక్షరాలు దించి, తోమి, వాటినే అటూ ఇటూ మార్చి కొత్త షాపుకి పేరు కట్టేవాడు. "కొత్తవి పోతపోయించడం ఎవడైనా చేస్తాడు. ఉన్నవాటిలోంచి మాట తియ్యాలి," అనేవాడు. బిగించేటప్పుడు కూడా గోడకి పాత చిల్లులే వాడేవాడు. కొత్త చిల్లు పెట్టడమంటే ఆయనకి చేతకానితనం ఒప్పుకున్నట్టే.

మాట తీసే పద్ధతి కూడా ఆయన సొంతం. అక్షరాలన్నీ భోజనాల బల్లమీద పోసి, అచ్చుల్ని ఒక వైపు, హల్లుల్ని ఒక వైపు కూచోబెట్టేవాడు. "వీళ్లు ఆడపెళ్లివారు, వాళ్లు మగపెళ్లివారు. ఇక సంబంధాలు కుదర్చడమే మన వంతు." ఎస్ దొరికితే మాత్రం జేబులో వేసుకునేవాడు. అది కలుపుగోలు చుట్టం లాంటిదనీ, ఆఖర్న వచ్చినా ఎక్కడో ఒకచోట సర్దుకుంటుందనీ ఆయన నమ్మకం. అనుమానం వస్తే నిఘంటువు తీసేవాడు. దానికి మొదటి పేజీలు ఊడిపోయి 'బి' నుంచి మొదలయ్యేది. అందుకే ఆ వీధిలో 'ఏ'తో మొదలయ్యే షాపు ఒక్కటీ లేదు.

"కంచం ఎక్కడ పెట్టమంటారు? ఇవాళ్టికి అక్షరాలే వడ్డించనా?" అనేది అత్తయ్య.

వీధి మలుపులో 'టైమ్ కేర్' అని గడియారాలు బాగుచేసే షాపు ఉండేది. మావయ్యకి వరసకి అక్క అయ్యే ఆవిడ భర్తది. బావా బావమరుదులిద్దరూ పనిలేనప్పుడు ఎదురెదురుగా కూచుని ఒకరి పని ఒకరు వెక్కిరించుకునేవాళ్లు. ఒక చలికాలం బావ పోయాడు. కూతురు అదే గదిలో కుట్టుషాపు పెడదామనుకుంది. మిషన్లు కూడా వచ్చేశాయి. అక్కయ్య మాత్రం బోర్డు దించనివ్వలేదు. అవి ఆయన రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచిన అక్షరాలు.

"గడియారాల బోర్డు చూసి బట్టలు కుట్టించుకోడానికి ఎవరొస్తారమ్మా?" అని కూతురు పోరగా పోరగా, అక్కయ్య మావయ్యని పిలిపించింది.

"దించుకో. కానీ ఒక్క అక్షరం కూడా మిగలకూడదు. అన్నీ మళ్లీ గోడెక్కాలి. మీ బావని ముక్కలు చేసి అటకమీద పడేస్తే ఊరుకోను."

"నీ మాట ఎప్పుడు కాదన్నానక్కా," అన్నాడు మావయ్య అలవాటు కొద్దీ. ఇంటికొచ్చాక గాని గొంతులో వెలక్కాయ పడ్డ సంగతి తెలియలేదు.

అట్టముక్కలతో అక్షరాలు కత్తిరించి బల్లమీద పోశాడు. టి, ఐ, ఎం, ఈ. సి, ఏ, ఆర్, ఇంకో ఈ. జేబులో వేసుకోడానికి ఒక్క ఎస్ కూడా లేదు. తిప్పగా తిప్పగా ఎనిమిదీ సరిపోయే పేరు ఒకటి తగిలింది. మేనకోడల్ని పిలిచి చూపించాడు.

"మీట్ రైస్," అని చదివింది ఆ పిల్ల. "నేను కుట్టేది బట్టలు మావయ్యా. మాంసం, అన్నం కాదు."

"పోనీ, రేస్ టైమ్?"

"చెప్పిన రోజుకి ఇవ్వనని నాకు ఇప్పటికే పేరుంది. దానికి బోర్డు కూడానా?"

తనే కూచుని అట్టముక్కలు జరపడం మొదలుపెట్టింది. కాసేపటికి చెయ్యి ఆగింది. క్రియేట్. ఆ పిల్ల మొహం చూడగానే మావయ్యకి అర్థమైపోయింది, ఇక ఇంకో పేరు వెతికి లాభం లేదని. ఐ, ఎం మాత్రం పిలుపు అందని చుట్టాల్లా బల్ల చివర మిగిలాయి.

"మీ అమ్మతో నువ్వే చెప్పు," అన్నాడు.

"మాటిచ్చింది నువ్వు."

"చిన్నప్పట్నుంచీ ఆవిడ మొట్టికాయలు తిన్నవాణ్ణే నేను. పోనీ, ఆ రెండూ షాపు లోపలి గోడకి కొడితే? గోడెక్కాలంది గానీ ఏ గోడో చెప్పలేదుగా."

"అమ్మ దగ్గర ప్లీడరు తెలివి పనికిరాదు మావయ్యా. అక్కడ అమ్మే జడ్జి."

దించాక చెబుదాంలే అనుకుంటూ మర్నాడు పొద్దున్నే నిచ్చెన ఎక్కాడు. ఎదురు అరుగుమీద కుర్చీ వేసుకుని అక్కయ్య కూచుంది. మామూలుగా అయితే ఆయన అక్షరాలు దించీ దించగానే గోడకి ఒక పూత రంగు వేసేస్తాడు. ఆ రోజు అక్క భయంతో రంగుడబ్బా ఇంట్లోనే మర్చిపోయాడు. అలాంటి పొరపాటు ఆయన ఎప్పుడూ చెయ్యలేదు.

ఆఖరి అక్షరం కూడా దించి, ఆ చేత్తో ఐ, ఈ చేత్తో ఎం పట్టుకుని వీధి దాటి వచ్చాడు.

"అక్కా, ఈ రెండూ ఇమడలేదు. నన్ను తిట్టు."

అక్కయ్య ఆయన్ని చూడటం లేదు. గోడని చూస్తోంది. ఏళ్ల తరబడి ఎండకి నీలం రంగు వెలిసిపోయి బూడిదలా అయిపోయింది. అక్షరాల వెనక మాత్రం నిన్న వేసినట్టు ఉంది. టైమ్ కేర్. ఒక్క అక్షరం తగ్గకుండా.

"ఏమిట్రా అది?"

"ఎండ తగలని రంగు అక్కా. ఇప్పుడే డబ్బా తెచ్చి పూసేస్తా."

"పుయ్యకు." కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "పీకినా పోలేదు చూడు. మొండిఘటం."

మావయ్య చేతిలో ఉన్నవి చూపించాడు. "మరి వీటిని?"

"ఆ నిలువుది ఇటివ్వు, గాలికి తలుపు కొట్టుకుంటోంది, అడ్డం పెడతా. రెండోది నువ్వు తీసుకుపో. దాన్ని పట్టుకుని ఏడుస్తూ కూచోకు. కాగితాలు ఎగరకుండా పెట్టుకో."

పాత పేరుమీద చెయ్యి పడకూడదని క్రియేట్‌ని దానికి జానెడు పైన బిగించాడు. అంటే కొత్త చిల్లులే. "నా పరువు తీశావు బావా," అని గొణుక్కుంటూనే పెట్టాడు.

ఇప్పటికీ ఎప్పుడో ఒకసారి ఎవరో ఆగిపోయిన వాచీ పట్టుకుని, గోడ చూసి లోపలికి వస్తారు. ఆ పిల్ల మిషన్ ఆపి, ఇంకో షాపుకి దారి చెప్పి పంపిస్తుంది.

ఆ ఎం మాత్రం భోజనాల బల్లమీదే ఉంది. కంచం ఎక్కడ పెట్టాలని అత్తయ్య ఇప్పుడు ఎవర్నీ అడగదు. దాని పక్కనే పెట్టుకుంటుంది.