ఆరు మీటర్ల నీలం తాడు

ఇది చదవబోయే పెద్దలందరికీ ముందుగా సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పోయినవారి గురించి రాసేటప్పుడు వారి హృదయం గురించి రాయాలని, మహా అయితే కళ్ల గురించి రాయాలని నాకూ తెలుసు. నేను మాత్రం పేగుల గురించి రాయబోతున్నాను. చిన్నపేగు, పెద్దపేగు, రెండూ. భోజనానికి ముందు చదువుతున్నవారు తర్వాత చదవండి, తర్వాత చదువుతున్నవారు ఇంకాస్త ఆగండి. ఇంత అమర్యాదకు కారణం ఒక్కటే. మాకు జువాలజీ చెప్పిన సారు పోయిన నెలలో పోయారు. పెద్దపేగు క్యాన్సర్.

వార్త మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని పైన ఎవడో పెట్టిన బిర్యానీ ఆఫర్, కింద వరసగా జోడించిన చేతులు. ఆ చేతుల మధ్యలో ఒకడు అడిగాడు: "గంత తెల్సిన సారు ముందుగాల దవాఖానకు ఎందుకు పోలేదురా?" దాని కింద ఇంకో వరస చేతులొచ్చాయి. నేనూ రెండు చేతులు పెట్టాను. నెల రోజులుగా ఆ ప్రశ్న నా కడుపులో అరగకుండా కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్వీట్ షాపు మీద మూడో అంతస్తు మా కోచింగ్ సెంటర్. మొదటిసారి మెడికల్ సీటు రాక, రెండోసారి కూడా రాకపోవడానికి సిద్ధమవుతున్న లాంగ్ టర్మ్ బ్యాచ్ మాది. సారుది గుంటూరు వైపు. ఇక్కడి కొత్తపేటలో స్థిరపడి చాలా ఏళ్లయినా మాట మాత్రం అక్కడిదే. మమ్మల్ని "మీరు" అన్న మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కరే. మా ఇంట్లో కూడా ఆ మర్యాద లేదు.

పేగుల పాఠం రోజు సారు ఇంటి నుంచి సంచి తెచ్చేవారు. అందులో ఒక నీలం నైలాన్ తాడు, ఆకుపచ్చ నీళ్ల పైపు ముక్క, టర్కీ టవలు, మామిడిపళ్ల అట్టపెట్టె. తాడు వాళ్లింటి దండెం. ప్రతి బ్యాచ్‌కూ ఆ ఒక్కరోజు వాళ్లింట్లో బట్టలు ఆరేవి కావు. దాన్ని విప్పి మా చేతికిచ్చి, "ఆరు మీటర్లు. మీ చిన్నపేగు ఇంతే పొడవు. చిక్కు పడకుండా ఈ పెట్టెలో సర్దండి చూద్దాం" అనేవారు. నలుగురం కలిసి సర్దితే నాలుగు ముళ్లు పడేవి. "మీ కడుపులో ఎవరో నీటుగా సర్ది పెట్టారు బాబూ. ఒక్కరోజైనా థాంక్స్ చెప్పుకున్నారా?"

తర్వాత టవలు. బల్ల మీద నీళ్లు ఒలకబోసి, ముందు జేబురుమాలు వేసేవారు, తర్వాత టవలు. టవలు మీద లేచిన దారపు పోగుల్లాంటివే చిన్నపేగు లోపలి గోడ నిండా ఉంటాయని, అన్నంలోని సారమంతా పీల్చేది అవేనని, ఆ పోగులే లేకపోతే ఎంత తిన్నా బక్కచిక్కిపోతామని చెప్పేవారు. చివరికి పైపు. "పెద్దపేగు మీటరున్నర."

"గంత పొట్టిదాన్ని పెద్దదంటరేంది సార్?" అని అడిగాను.

"వెడల్పు చూసి బాబూ. మనుషుల్ని అనడం లేదూ!"

అప్పుడిక క్లాసే కడుపయ్యేది. పెద్దపేగు కుడి గోడ వెంట వెనక బెంచీ నుంచి పైకి, బోర్డు ముందు అడ్డంగా, ఎడమ గోడ వెంట కిందికి, ఆ చివర తలుపు. సారు ఆ దారి నడుస్తూ చెప్పేవారు. చిన్నపేగు వదిలేసిన దాంట్లోంచి నీరు, ఉప్పు లాక్కోవడం, మిగిలినదాన్ని గట్టిపరచడం, వేళయ్యేదాకా దాచడం. పైపు మొదట్లో వేలాడే అపెండిక్స్ సరిగ్గా నేను కూర్చునే కుడివైపు చివరి బెంచీ దగ్గరకొచ్చింది. నాకు ఆ పేరే ఖాయమైంది. "మన అపెండిక్స్ బాబు. ఉన్నట్టు ఎవరికీ తెలియదు, నొప్పి పుట్టిస్తేనే తెలుస్తుంది" అన్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నేను.

చివర్లో దొడ్డికి వెళ్లడం గురించి వచ్చేసరికి అమ్మాయిలు తల దించుకునేవారు, మేము కిసకిసలాడేవాళ్లం. సారు పైపును బల్ల మీద పెట్టి, ప్రతి బ్యాచ్‌కూ చెప్పే మాట చెప్పేవారు. "పేగుకు సిగ్గు లేదు బాబూ. సిగ్గంతా మనిషిది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మనిషిని ఇంట్లో వదిలేసి పేగును తీసుకెళ్లండి."

ఆ ఏడాది దసరా దాటాక సారు క్లాసు మధ్యలో బయటికి వెళ్లడం మొదలైంది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఎడమ గోడ వెంట తలుపు దాకా, పాఠంలో చూపించిన దారినే. ఒక్కోరోజు మూడుసార్లు. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లులు కనిపించేవి. మాకు అదో కాలక్షేపం.

మా సెంటర్లో నెలకోసారి సార్ల మీద మాతో ఫీడ్‌బ్యాక్ చీటీలు రాయించేవారు. పేరు రాయనక్కర్లేదు. ఘాటుగా ఉన్నవాటిని డీన్ స్టాఫ్ మీటింగులో పైకి చదువుతాడు. ఆ నెల ఒక చీటీలో ఇలా ఉంది: "సారు చిన్నపేగు ఆరు మీటర్లు కాదు, ఆరు నిమిషాలు." మీటింగు సంగతి మాకు ఆఫీసు అటెండరన్న చెప్పాడు. "అందరు మస్తు నవ్విండ్రు. సారు గూడ జర నవ్విండు." నవ్వయ్యాక డీన్, ఇంకో చీటీ ఇలాంటిదొస్తే పీరియడ్లు కొత్తగా చేరిన కుర్ర సారుకు ఇవ్వాల్సి ఉంటుందన్నాడట.

మర్నాడు సారు మామూలుగానే వచ్చారు. "ఎవరు రాశారో నాకక్కర్లేదు. కానీ తిన్నది చిన్నపేగు దాటడానికి మూడు నుంచి ఐదు గంటలు. ఆరు నిమిషాలని పరీక్షలో పెడితే మైనస్ మార్కు." క్లాసు గొల్లుమంది. చివరి బెంచీ నుంచి ఒకడు లేచి, "ఎవడ్రా రాసింది, జర సిగ్గుండాలె" అని అరిచాడు. ఆ అరిచింది నేనే. "కూర్చోండి బాబూ, పోనీయండి" అన్నారు సారు.

ఆ తర్వాత ఆయన క్లాసులోంచి ఒక్కసారీ బయటికి వెళ్లలేదు. గంటన్నర కుర్చీలో కూర్చునే చెప్పేవారు. బల్ల అంచు పట్టుకునేవారు, నుదుటికి చెమట పట్టేది. తగ్గిపోయిందనుకున్నాం. డీన్ దాన్ని క్రమశిక్షణ అన్నాడు.

నాకు సీటు రాలేదు, దేశం బతికిపోయింది. డిగ్రీ అయ్యాక ఎల్బీనగర్‌లో ఉంటూ మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. ఎవరి పేగు ఎక్కడ చెడితే దానికి ఏ నంబరో వేయడం నా ఉద్యోగం. పోయిన నెల నుంచి ఒక నంబరు దగ్గర వేలు ఆగుతోంది.

సారు పోయిన వారానికి వాళ్లింటికి వెళ్లాను. దారిలో సెంటర్ ముందు సారు ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ. "మీ సేవలు మరువలేనివి." దాని కిందే కొత్త బ్యాచ్ అడ్మిషన్ల ఫోన్ నంబరు.

సారు భార్య, అమ్మగారు, బాల్కనీలో కుర్చీ వేశారు. నీలం తాడు మళ్లీ దండెమైంది. దాని మీద సారు తెల్ల చొక్కాలు, ఎవరికో ఇచ్చేయడానికి ఉతికినవి.

"పొద్దున్నే టీ నీళ్లు బాబూ, మళ్లీ రాత్రికే అన్నం. మధ్యలో ఇడ్లీ కూడా ముట్టేవారు కాదు. క్లాసులో లేవకూడదట. రక్తం పడుతోందని ఏడాదిన్నర దాకా నాతోనే చెప్పలేదు. బయటపడితే పీరియడ్లు తీసేస్తారని భయం. ఆ ఏడాదే వచ్చుంటే జానెడు ముక్క తీసేసి ఇంటికి పంపేవాళ్లమన్నారు డాక్టర్లు." దండెం మీద ఒక చొక్కా కాలరు సరిచేస్తూ అన్నారు: "ఎవరో పిల్లాడు ఏదో రాశాడట. వాణ్ణి ఒక్క మాట అననిచ్చేవారు కాదు. సరదాకి రాసుంటాడులే అనేవారు."

చెబుదామని నోరు తెరిచాను. కాఫీ తాగుతావా అన్నారు. తాగుతానన్నాను. ఆవిడ లోపలికి వెళ్లారు. గాలికి తెల్ల చొక్కాలు ఉబ్బి, మళ్లీ చదునయ్యాయి. తాడు మీద ఒకచోట ముడి ఉంది. మేము ఆ రోజు సర్దినప్పుడు పడి, ఎవరూ విప్పలేకపోయిన ముడి.

పేగుల గురించి రాసినందుకు నాకేమీ బాధ లేదు. ఆ చీటీ రాసింది నేను. మామూలుగా రాస్తే సారు నా అక్షరాలు పోల్చుకుంటారని, ఎడమ చేత్తో రాశాను.