వాల్వు కట్టేసి రమ్మన్న మా అత్తగారు

మంగళవారం తెల్లవారుతుండగా మా అత్తగారు కన్నుమూశారు. రాజమండ్రి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నారు. ఏడ్చాను, ఇంకా ఏడుస్తూనే ఉన్నాను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే నవ్వే ముందొస్తోంది, ఏం చేయను? కారే కుళాయి కనబడితే చాలు, ఆవిడకి పండగే. ఆ సంబరం మీతో చెప్పుకోకపోతే నాకు తోచదు.

పాలకొల్లులో మా వీధిలో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా, తాంబూలం పుచ్చుకుంటూనే ఆవిడ చెవి దొడ్లో ఉండేది. "మీ కుళాయి కారుతున్నట్టుందండి. పానా ఉందాండి?" అనేవారు. పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని అక్కడే గొంతుక్కూర్చునేవారు. గట్టిగా తిప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళుమంట. "దాని పీక పిసక్కండి, లోపల వాషరు చస్తుంది" అని కసిరేవారు. అరిగిపోయిన వాషరు బయటికి తీసి, "చూశారా దీని మొహం" అంటూ అందరికీ చూపించి మురిసిపోయేవారు. కొత్త వాషర్లు మా వంటింట్లో ఖాళీ ఆవకాయ సీసా నిండా ఉండేవి. ఓసారి చింతగింజలనుకుని మా ఆయన పారబోయబోతే ఇల్లు పీకి పందిరేశారు.

మాది వరంగల్ పక్క పల్లె. కొత్తకోడలిగా వచ్చిన రోజుల్లోనే భోజనాల దగ్గర "నల్లా ఏడున్నది?" అని అడిగాను. మా వైపు కుళాయిని నల్లా అంటాం. వచ్చిన చుట్టాలంతా పడీ పడీ నవ్వారు. ఆ మాట నాచేత మళ్ళీ మళ్ళీ అనిపించి మరీ నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇక ఆ ఇంట్లో నోరు విప్పితే ఒట్టు. ఎవరేం అడిగినా తల ఊపడమే. బతుకంతా ఇలా మూగదానిలా వెళ్ళదీయాలా అని లోలోపల కుమిలిపోయేదాన్ని.

అలాంటప్పుడు ఒక పొద్దున్న స్నానాలగదిలో కుళాయి చుక్కలు మొదలెట్టింది. అత్తగారు పానా పట్టుకుని హుషారుగా వచ్చేశారు. "రావే, నీకో తమాషా చూపిస్తాను. ముందు మేడమీదకెళ్ళి ట్యాంకు వాల్వు కట్టేసి రా."

ఇక్కడ కట్టేయడమంటే ఆపేయడమని నాకేం తెలుసండీ? మేం బంద్ చేయడమంటాం. అడిగితే మళ్ళీ నవ్వుతారని భయం. పైకెళ్ళి చూస్తే పైపు మీద చిన్న చక్రం కనబడింది. అది కదలకుండా కట్టాలి కాబోలనుకుని, బట్టలారేసే తాడు ముక్క తెచ్చి బిగించాను. కిందికొచ్చాక "కట్టేశావా?" అన్నారు. బుద్ధిగా తలూపాను.

ఆవిడ కుళాయి పైభాగం విప్పారో లేదో, నీళ్ళు ఎగిరి కప్పుకి కొట్టాయి. ఇద్దరం నిలువునా తడిసిపోయాం. నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంది.

"అత్తమ్మా, నీళ్ళన్నీ మీద వడుతున్నయి, జల్ది బంద్ చెయ్యుండ్రి!"

ఆవిడ ఆ కన్నానికి అరచెయ్యి అడ్డంపెట్టి, "కట్టేశానని తలూపావు కదే?" అన్నారు.

"కట్టిన అత్తమ్మా. తాడుతోని రెండు ముడులేసిన."

ఒక్క క్షణం తెల్లమొహం వేశారు. అర్థమయ్యాక, నీళ్ళలోనే చతికిలబడి కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకూ ఆగలేదు. పరిగెత్తుకెళ్ళి తాడు విప్పి, చక్రం తిప్పి వచ్చాను. కళ్ళు తుడుచుకుంటూ ఆవిడ నన్ను దగ్గరికి లాక్కున్నారు.

"ఇంత గొంతు ఎక్కడ దాచావే ఇన్నాళ్ళూ? ఇంట్లో ఇలాగే మాట్లాడు. ఎవరు నవ్వుతారో నేను చూస్తాను."

చూసుకున్నారు కూడా. ఆ తర్వాత మా ఇంట్లో నా మాటకి ఎవరూ నవ్వలేదు. నేను నవ్వించినప్పుడు తప్ప. నేను ఈ ఇంటిదాన్నయింది ఆ పొద్దున్నే. ఆవిడ రుణం ఎలా తీర్చుకోను?

కొత్త వాషరు నాచేతే వేయించారు. వాల్వు తెరిచి వచ్చి, ఆవిడ పక్కనే కూర్చున్నాను. కుళాయి చివర ఒక చుక్క ఊరింది. లావెక్కింది, వణికింది.

"వడతదా అత్తమ్మా?" అని పూర్తి గొంతుతో అడిగాను.

ఆవిడ నా తడిచెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి ఆ చుక్కనే చూస్తున్నారు. అది పడలేదు.