ఊడ్చిన నేల

కన్నడదేశంలో అడవి అంచున ఉన్న కెంగలబైలులో, అక్కడి గిరిజనులైన హాలక్కి గౌడుల వాకిళ్ళన్నీ శుభ్రంగానే ఉంటాయి. హొన్ని వాకిట్లో మాత్రం విస్తరి లేకుండా అన్నం వడ్డించుకోవచ్చని ఆమె భర్త ఈరుగౌడ బతికున్నన్నాళ్ళూ నలుగురిలో చెప్పుకునేవాడు. అలాంటి హొన్నికి చెత్తను కాపాడే పని దొరికింది.

ఇచ్చింది శర్వాణి. అడవి మీద పరిశోధన చేయడానికి పట్నం నుంచి వచ్చిన పిల్ల. పంతులమ్మను పిలిచినట్టే ఊరు ఆమెనూ అక్కోరు అనేది. ఊరి వెనక అడవిలో ఆమె రెండు తావులకు తెల్లతాడు కట్టింది. ఒకదాంట్లో ఆడవాళ్ళు ఎప్పటిలాగే ఎండుటాకు గంపలకెత్తుకుంటారు. రెండోదాని జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఏటా తొలకరి పడ్డాక రెండుచోట్లా మొలకలు లెక్కపెడుతుంది.

"మీరు ఆకు ఎత్తేయడం వల్లే అడవి మొలవట్లేదని ఫారెస్టు ఆఫీసువాళ్ళ గోల హొన్నక్కా. కంచె వేస్తామంటున్నారు. రెండుచోట్లా మొలకలు ఒకేలా ఉన్నాయని చూపిస్తే నోరు మూస్తారు. ఇప్పటిదాకా అలాగే ఉన్నాయి. ఇంకీ ఏడు ఒక్కటే మిగిలింది. ఆ రెండో తావులోంచి ఎవరూ ఆకు పట్టుకుపోకుండా చూడు, చాలు."

ఆకు లేకపోతే ఏమవుతుందో హొన్నికి ఒకరు చెప్పనక్కర్లేదు. వానాకాలమంతా ఆవుల కింద పరిచేది ఆ ఆకునే. పేడలో నాని, మళ్ళీ వరిమడికి ఎరువయ్యేదీ అదే.

ఆడబిడ్డ బొమ్మి గంపతో వస్తూ పోతూ ఊరుకునేది కాదు. "ఏమే చెత్త దొరసానీ! రాలిన ఆకుకి జీతమిస్తున్నారంటగా. మా ఆయన నెత్తిమీద వెంట్రుకలూ రాలుతున్నాయి, వచ్చి కాపలా కాయరాదూ?"

"ఇంకేం మిగిలాయని వదినా, కాయడానికి?" అనేది హొన్ని. ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ ఏడు తొలకరి తర్వాత శర్వాణి సంబరంగా వచ్చింది. మర్నాడు తన గురువుగారు, రేంజరు, పై అధికారి వస్తున్నారట. వాళ్ళ కళ్ళెదుటే ఆఖరి లెక్క జరుగుతుందట.

ఆ మాట విన్నాక హొన్నికి కాలు నిలవలేదు. దేవుడి పల్లకి వచ్చే దారైనా, పెళ్ళిచూపులవాళ్ళు వచ్చే వాకిలైనా, పెద్దలు అడుగుపెట్టే నేల ఊడ్చి పేడనీళ్ళు చల్లాలి. చెత్తలో నిలబెడితే మొహాన తలుపేసినట్టే. అక్కోరు ఆకు పట్టుకుపోవద్దంది. తను పట్టుకుపోతుందా? తాడు అవతలికి నెట్టి, వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ పరిచేస్తుంది.

తెల్లవారగానే చీపురు తీసుకువెళ్ళింది. లెక్క కోసం అక్కోరు రేకుబిళ్ళలు కట్టిన పాతమొక్కలకు చెయ్యి అడ్డం పెడుతూ ఒబ్బిడిగా ఊడ్చింది. ఆకు కింద దారప్పోగుల్లా లేచిన ఆ ఏటి మొలకలను కలుపనుకుంది. అవి కూడా కుప్పలోకి పోయాయి. పేడనీళ్ళు చల్లి, నడుం నిమురుకుంటూ నిలబడి చూసుకుంది. ముగ్గు ఒక్కటే తక్కువ.

పెద్దవాళ్ళను వెంటబెట్టుకొచ్చిన శర్వాణి తాడు దగ్గరే ఆగిపోయింది. "హొన్నక్కా... ఇదేంటి?"

"జలగలుంటాయి కదా అక్కోరే, పెద్దవాళ్ళొస్తుంటే..."

రేంజరు పకపకా నవ్వి ఫోన్ తీశాడు. "చూశారా సార్, నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది ఇదే. కాపలా మనిషే ఊడ్చి పారేసింది. ఇక గంపలవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? ఏమ్మా, ఆ చీపురు పట్టుకుని ఇటు తిరుగు."

హొన్ని తిరిగింది. ఫొటో తీసుకున్నాడు.

అందరి మొహాలూ చూశాక గానీ ఏదో జరిగిందని ఆమెకు తట్టలేదు. "ఎక్కడికీ పోలేదయ్యా, అదిగో కుప్ప! ఒక్క ఆకు తగ్గినా నన్నడగండి," అంటూ చీరకొంగులోకి ఎత్తి తెచ్చి పరచడం మొదలుపెట్టింది. గురువుగారు మొహం తిప్పుకున్నారు.

"పరిస్తే ఆకు వస్తుంది హొన్నక్కా," అంది శర్వాణి. "మొలకలు రావు."

ఆఖరి ఏడు లేని లెక్కను ఆఫీసువాళ్ళు ఒప్పుకోలేదు. చీపురుతో ఉన్న హొన్ని ఫొటో మాత్రం వాళ్ళ మీటింగులన్నిటికీ వెళ్ళింది. మరుసటి వేసవి ఎండలు ముదరకముందే అడవికి కంచె పడింది.

ఇంకో అడవిలో పని వెతుక్కుని వెళ్ళిపోతూ శర్వాణి చెప్పడానికి వచ్చింది.

"తిట్టండి అక్కోరే," అంది హొన్ని.

"నిన్నెందుకు తిట్టడం? నేనే సరిగా చెప్పలేదు."

ఆ మాట తిట్టుకన్నా కాల్చింది. తప్పు కూడా తనది కాదట. తప్పు చేసేపాటి మనిషి కూడా కాదన్నమాట.

కింద పరచడానికి ఆకు లేక ఆవులను అమ్మేసింది. కంచె గేటు దగ్గరికి మనిషి కావాలని రేంజరు కబురు పెడితే, బయటి ఊరివాడు వచ్చి తనవాళ్ళ మీద పెత్తనం చేయడమెందుకని ఒప్పుకుంది. ఊరు దాన్ని అలా అనుకోలేదు.

వానలు మొదలైన వారంలోనే బొమ్మి ఖాళీ గంపతో వచ్చి గేటు ముందు నిలబడింది.

"జరుగు."

"వెనక్కెళ్ళు వదినా. రేంజరు చూస్తే గంప లాక్కుంటాడు."

"నువ్వు చూశావుగా. నువ్వే లాక్కో. ఈనబోయే ఆవు మోకాటి లోతు రొచ్చులో నుంచుంది. వచ్చి దానికి చెప్పు, ఇది నా ఉద్యోగమని."

హొన్ని కదల్లేదు. మట్టిరోడ్డు మీద జీపు చప్పుడు దగ్గరవుతోంది. బొమ్మి నెత్తిమీది గంప దించి ఆమె చేతుల్లోకి తోసి, వానలోనే ఊరివైపు నడిచింది.

జీపు వచ్చి ఆగింది. రేంజరు గంపను చూసి, "శభాష్, మొదటిది పట్టావన్నమాట," అన్నాడు. "ఎవరిది?"

"తెలీదయ్యా," అంది హొన్ని.